ప్రార్థనలో పోయిన లెక్క

కృష్ణలంక, విజయవాడ
9-10-1976

చిరంజీవి ఎలిజబెత్‌ను నాన్న నిండు మనసుతో దీవించి రాయునది. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, అమ్మా కులాసా. అమ్మ మోకాలు ఈ వారం చెప్పిన మాట వింటోంది. వాల్తేరులో నువ్వు వేళకి తింటున్నావని తలుస్తున్నాం.

నీకు లెక్చరరు ఉద్యోగం వచ్చిందన్న ఉత్తరం మంగళవారం అందింది తల్లీ. తెచ్చిన పోస్టుమాన్ రహమతుల్లా గారికే మొదట చదివి వినిపించాను. పడవ నడిపినాయన కూతురు మనసు గురించి పాఠాలు చెబుతుందా, మాకూ ఒక బెంచీ ఉంచమనండి అన్నారు. గవర్నరుపేట దాకా నడిచివెళ్ళి మైసూరుపాకు తెచ్చి వీధంతా పంచాను. నా మోకాళ్ళు చాలవా, నీవి కూడా పాడుచేసుకుంటావా అని అమ్మ తిట్టింది. తిడుతూనే రెండు ముక్కలు తింది. ఐదో తరగతితో ఆగినవాణ్ణి, ఈ ఆనందం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఇక నువ్వు అడిగినవి. లాజరు బాబాయి మైలవరంలో మామిడితోట కాపలాలోనే ఉన్నాడు. ఒంట్లో బాగానే ఉందట. వండిపెట్టే దిక్కు లేక అంబలి తాగుతున్నాడని విన్నాను. నీ ఉద్యోగానికి కృతజ్ఞత కూడిక పెడదామన్నావు, బాబాయిని తప్పక పిలవమన్నావు, ఈసారైనా నాన్న పైకి ప్రార్థన చెయ్యాలన్నావు. గుడిలో ఎందుకు నోరు విప్పవని చిన్నప్పటినుంచీ అడుగుతున్నావు. దానికి చివర్లో చెబుతాను.

నువ్వు చేసి చూడమని రాసిన జ్ఞాపకశక్తి పరీక్షలు రెండూ చేశాం. అమ్మ ఏడు కూరగాయల పేర్లు చదివింది. నువ్వు చెప్పినట్టే నేను ఆపకుండా “ఒకటి, ఒకటి” అంటూ విన్నాను. తర్వాత చెప్పమంటే దొండకాయ, బీర, అంతే. నీ బుర్రకి ఏడు కూరలు మోయడం ఎక్కువేలే అని అమ్మ పగలబడి నవ్వింది. రెండోసారి దుప్పటి మీద గరిటె, తాళం, దువ్వెన ఇలా ఏడు వస్తువులు పెట్టి, కాసేపు చూపించి కప్పేసింది. అప్పుడూ నోటితో “ఒకటి, ఒకటి” అంటూనే ఉన్నాను. ఏది ఎక్కడుందో ఒక్కటీ తప్పకుండా చూపించాను.

విన్నదాన్ని మనసు లోపల తిరగేసి పలుక్కుంటూ నిలబెట్టుకుంటుందని, నోరు ఇంకో మాటలో పడితే అది జారిపోతుందని రాశావు. చూసింది వేరే మూలన ఉంటుందని, మాటలు దాన్ని అంతగా చెరపలేవని రాశావు. ఇంగ్లండులో ఈమధ్యనే తేల్చారట. అమ్మ నవ్వుతూనే ఉంది. నేను మాత్రం ఆ దుప్పటి మళ్ళీ తీసి, ఒక్కో వస్తువూ చూస్తూ కూర్చున్నాను.

నీకు మూడేళ్ళప్పటి వరద సంగతి. మన లంక మునిగిపోతుంటే ఊరంతా గుడిలో తలదాచుకుంది. నా పడవ మీద జనాన్ని కరకట్టకి చేరుస్తున్నాను. లాజరు మా అమ్మని మోసుకుని ముందే దాటాడు. ఆఖరి విడతకి ఇరవై ఇద్దరు మిగిలారు. ఒక్కొక్కరూ ఎక్కుతుంటే పెదాలతో లెక్కపెడుతున్నాను. గెడ వేసి పడవ కదిపేముందు పడవవాడు ప్రార్థన చెప్పడం మన లంకలో అలవాటు. పాస్టరు గారు తొందరపడి, ఏసుపాదం, పిల్లలు బెదిరిపోతున్నారు, ఇప్పుడే మొదలుపెట్టు అన్నారు. “పరలోకమందున్న మా తండ్రీ” అని ఎత్తుకున్నాను. ఆమెన్ అనేసరికి నా లెక్క లేదు. పదిహేడో, పంతొమ్మిదో. అందరూ ఎక్కారా అని ఆయన అడిగారు. “ఎక్కారండీ” అన్నాను.

లాజరు భార్య, మీ సంపూర్ణ పిన్ని ఎక్కలేదు. కోళ్ళ కోసం వెనక్కి వెళ్ళిందట. మళ్ళీ వెళ్ళేసరికి గుడి గోడ లేదు, పిన్ని లేదు. నీళ్ళు తీసుకుపోయాయని లాజరుకి చెప్పాం. నీకూ అదే చెప్పాం.

ఆనాటినుంచి పైకి ప్రార్థన మొదలుపెడితే నాకు ఆ నీళ్ళ చప్పుడే వినిపిస్తుంది. దేవుడి మాటే నా లెక్క తుడిచేసిందని ఇన్నేళ్ళూ ఆయన మీద మనసులో కోపం పెట్టుకున్నాను. నీ ఉత్తరం మొదటి సగం చదివి ఏడ్చాను తల్లీ. ఎవరికైనా అంతేనని, నా పాపం కాదని ఎంత సంతోషపడ్డానో. చూసింది చెరగదన్న రెండో సగం నన్ను వదల్లేదు.

ముందు బల్లమీద పిన్ని మూట ఉంది. నీలం చీరలో కట్టింది. పక్కన మనిషి లేదు. నా కళ్ళు చూశాయి. వెనక ఎక్కడో కూర్చుందని అనుకున్నానని ఇరవై ఏళ్ళకి పైగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. అలా అనుకోలేదమ్మా. ఎక్కారండీ అనేశాను, అందరి ముందూ మాట వెనక్కి తీసుకోలేకపోయాను. వరద పడవని లాగుతోంది. నువ్వు మీ అమ్మ ఒళ్ళో గుక్కపట్టి ఏడుస్తున్నావు. గెడ వేశాను.

ఆ మూట లాజరు చేతికి ఇచ్చింది కూడా నేనే. వాడు నా చేతులు పట్టుకుని, నువ్వు చెయ్యగలిగింది చేశావన్నా అన్నాడు.

ఇది చెప్పకుండా వాణ్ణి నీ కూడికకి పిలవలేను. పిలిస్తే వస్తాడు, అదే నా బాధ. చెప్పాక వస్తాడో రాడో, ఇక నన్ను అన్నా అంటాడో లేదో తెలియదు. నీ మనసు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా అమ్మకి చదివి వినిపించాను. “ఆ మూట నేనూ చూశాను” అంది.

రేపు పొద్దున బస్సుకి ఇద్దరం మైలవరం వెళ్తున్నాం.

ఇట్లు,
నిన్ను ఒడ్డుకు చేర్చిన నాన్న,
ఏసుపాదం