దండ కింద రాగి తీగ

ఖరగ్‌పూర్,
విశ్వకర్మ పూజ నాటి సాయంకాలం.

శ్రీ అమర్‌నాథ్ గారికి,
ప్రత్యేకాధికారి, ఆవిరి బండి ఉత్సవ సంఘం.

అయ్యా,

విషయం: జర్మనీ దేశపు తొలి రైలింజను నమూనాకు రేపు ఉదయం నిప్పు వేయకుండా ఆపించుట గురించి.

పూరీ గేట్ నివాసిని, రైల్వే బడిలో పాఠాలు చెప్పి రిటైరైన రూతు అను నేను తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా: ఇంగ్లీషులో రాస్తే తమ ఆఫీసు బడాబాబు, అంటే హెడ్ గుమాస్తా, చదివి ఫైల్లో పెడతాడు. బెంగాలీలో రాస్తే షెడ్డంతా చదువుతుంది. తమరు తెలుగువారు గనుక తెలుగులో రాయడమైనది. నోటితో చెబుదామని ఇందాక వస్తే, "లిఖ్‌కే దీజియే, దీదీ" అని, రాసి ఇమ్మంటూ గుమ్మంలోంచే తిప్పి పంపారు.

1. టోపీ. నూట తొంభై ఏళ్ల కిందట జర్మనీలో ఆ మొదటి బండి తోలిన ఇంగ్లీషు డ్రైవరు పొడుగు టోపీ పెట్టుకునేవాడట. అందుచేత నా భర్త, రిటైర్డ్ లోకో పైలట్ తిమోతి గారికి మలంచా రోడ్డు పెళ్లి బ్యాండువారి టోపీ తెచ్చి ఇచ్చారు. అది కళ్ల మీదికి జారుతోంది. పట్టాలు కనబడని డ్రైవరు ఉత్సవ శోభకు తగడని మనవి.

2. దండ. సదరు ఇంజనుకు ఈ ఉదయం పూజ జరిగినది. బాయిలరు పీపాలా నున్నగా ఉన్నందున దండ నిలవలేదు. నా భర్తకు పాత స్నేహితుడైన గణపతిరావు గారు, పైన పొడుచుకొచ్చిన ఒక మీటకు దండ తగిలించి, అధికారుల ముందు జారిపడకుండా రాగి తీగతో బిగించారు. దానిమీద పురోహితుడు మంత్రించిన ఎర్రదారం కట్టారు. గణపతిరావు గారు డీజిలు కాలపు మనిషి. ఆ మీట సేఫ్టీ వాల్వుదని ఆయనకు తెలియదు. ఆవిరి మితిమీరితే అదే లేచి బయటికి వదలాలి. ఇప్పుడది లేవదు.

3. మధ్యాహ్నం ట్రయలు మధ్యలో నా భర్త నిప్పంతా కిందికి లాగేసి దిగిపోయారు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అడగ్గా అడగ్గా చెప్పారు.

"ఆవిరి గేజీ ముల్లు ఎర్రగీత దాటిపోనాది రూతూ. పైన సడీ సప్పుడూ నేదు. తీగ ఇప్పబోతే గణపతి నా సెయ్యి పట్టుకున్నాడు. నిమజ్జనం కాకుండా ఆ దారం కదిపితే కీడు దాదా, మా కోడలికి నెలలు నిండినాయి అన్నాడు. నానేటి సేసేది? రేపు ఆ పిల్లకి ఏటైనా అయితే, కిరస్తానీవోడు దారం ఇప్పినాడనే కదా అంటారు!"

కాబట్టి రేపు తీగ అలాగే ఉంచి, తక్కువ నిప్పుతో మెల్లగా తోలేస్తారట. విశ్వకర్మ విగ్రహం నిమజ్జనం రేపు సాయంకాలం. బండి రేపు ఉదయం.

4. మొదటి పెట్టెలో కూర్చునేది మా మనవరాలు ఏంజలిన్. దాని పక్కన గణపతిరావు గారి మనవరాలు అక్షిత. ఇద్దరికీ లేసు గౌన్లు కుట్టించారు. బాయిలరు వాళ్ల ఎదుటే ఉంటుంది. అయ్యా, ఇక నాకు సర్కారీ భాష రావడం లేదు. పసిపిల్లలండీ! మీ ఉత్సవం మండిపోను, ఒక పూట ఆగలేరా? పై వాక్యమును కొట్టివేసి చదువుకొన ప్రార్థన.

5. ఆ రోజుల్లో జర్మనీలో కూడా బొగ్గు ప్రియమై, ఆ దారిన బండ్లను చాలామటుకు గుర్రాలే లాగేవి. ఇది నేను బడిలో చెప్పిన పాఠమే. టోపీ ఇచ్చిన మలంచావారి దగ్గరే పెళ్లి గుర్రం కూడా ఉంది. ఇంజనును దండతో సహా చల్లగా నిలబెట్టి, పిల్లల పెట్టెను గుర్రంతో లాగించినచో చరిత్రకు లోటు లేదు, పూజకు లోటు లేదు, తమ మాటకూ లోటు రాదు.

గణపతిరావు గారిపై ఏ చర్యా వద్దు. తీసుకున్నారో, మా ఆయన నాతో జన్మలో మాట్లాడరు.

ఈ అర్జీని ఫైలు పాలు చేయక, పొయ్యిలో నిప్పు పడకముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రూతు

తా.క. కవరు అంటించబోతుంటే గణపతిరావు గారే వచ్చారు. మా ఆయన లోపలి గదిలోంచి కదల్లేదు. నేను ఊరుకుంటానా? "మీరు తీగ కట్టింది ఇంజను ఊపిరికి. అది పేలితే ఎదురుగా ఉండేది మన పిల్లలే" అన్నాను. ఆయన గుమ్మంలోంచే అడిగారు.

"ఏటి వదినా, పేలిపోద్దా? దాదా అంత మెల్లగా సెప్తే, అంత పెమాదమని నాకేటి తెలుసు?"

ఆ మాట విని మా ఆయన బయటికొచ్చారు. ఇద్దరూ కలిసి షెడ్డుకు వెళ్లారు. గణపతిరావు గారు ఎర్రదారాన్ని తెంపకుండా మీట మీంచి జార్చి, మా ఆయన మణికట్టుకు తొడిగారట. "ఇప్పడం కాదు దాదా ఇది, మార్సడం. నిమజ్జనం దాకా ఇంజను నువ్వే" అన్నారట. ఆ తర్వాతే మా ఆయన తీగ కత్తిరించారు.

ఆదివారం చర్చిలో ఎవరైనా ఆ దారం సంగతి అడిగితే జవాబు నేను చెప్పుకుంటాను. అర్జీ మాత్రం చింపలేదు. బిగిసిన వాల్వు ఇప్పుడెలా ఉందో ఎవరూ పరీక్షించలేదు. గుర్రాన్నే తెప్పించండి, టోపీ కూడా దానికే పెట్టండి.

మా ఆయన ఆ దారం ఉన్న చేత్తోనే ఇప్పుడు అన్నం తింటున్నారు.