శుభ్రంగా తిరిగొచ్చిన ఎముక

నరిన్ కొండలు,
2003 నవంబరు 11

మా ఇంటి చిన్నమ్మాయికి,

కనుమకు ఇవతల నుంచి నీ వదిన జూరకాన్ పంపుతున్న వెచ్చని సలాములు. నీ పిల్లలు, నీ గొర్రెలు, మీ అత్తగారి మోకాళ్ళు అన్నీ కులాసా అని తలుస్తాను. ఇక్కడ మంచు ఈసారి తొందరపడింది. ఎర్రావు ఈనింది. కోడలు మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరుకు ముందు టీ ఇవ్వు, తర్వాత కూర్చుని చదువు.

మీ అన్నయ్య సంగతి నీకు ముక్కలు ముక్కలుగా చేరి ఉంటుంది. మొదటినుంచీ చెప్తాను. వసంతంలో గుర్రాలను బీటికి తోలుతూ గుండె పట్టుకుని కూలబడ్డారు కదా, ఆసుపత్రిలో కొవ్వు మానెయ్యమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు. మన ఊళ్ళో కొవ్వు లేని దాన్ని మాంసమని ఎవరంటారు? అందుకని మాంసమే మానిపించాం. మాంసం పోయాక మీగడ, మీగడ వెనకాలే పాలు, గుడ్లు. చివరికి ఆయన ముందు మిగిలింది రొట్టె, టీ, ఉడికిన బంగాళాదుంప. అందరం కలిసి ప్రేమతోనే చేశాం. ఆ ప్రేమను తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

ఎండాకాలంలో అబ్దిమోమున్ పెదనాన్న ఇంట విందు జరిగింది. వయసును బట్టి, వరసను బట్టి ఎవరి వంతు మాంసపు ఎముక వాళ్ళ ముందు పెట్టుకుంటూ వచ్చారు. మీ అన్నయ్యకు రావలసిన తుంటి ఎముక ఆయన్ని దాటి పక్కనున్న కుర్రాడి ముందుకు వెళ్ళింది. ఈయన ముందు పళ్ళెంలో రెండు దుంపలు. ఏమర్రా, నన్ను అప్పుడే పాతిపెట్టేశారా, అని పెద్దగా నవ్వారు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక ఆ దుంపలు కూడా ముట్టలేదు. ఆ రోజు నుంచి తిండి అంటే ఆయనకు విరక్తి పుట్టింది.

చిక్కిపోయారు. దానికి ఊరంతా సంబరం! ఓ కిదిరాలీ, పొట్ట ఎక్కడ పారేశావు, మళ్ళీ పెళ్ళికొడుకులా ఉన్నావు, నూరేళ్ళు బతుకుతావు పో, అని దారినపోయేవాళ్ళంతా వీపు తట్టేవాళ్ళు. నేను బెల్టుకు కొత్త కన్నాలు పొడిచి ఇస్తూ, రోగం దిగుతోందని మురిసిపోయేదాన్ని.

ఆకురాలే కాలంలో రాజధానికి తీసుకెళ్ళాం. రక్తనాళాలు పూడుకుపోయాయి, ఛాతీ కోసి బాగుచెయ్యాలి అన్నారు. సరే కొయ్యండి అన్నాం. పెద్ద డాక్టరు ఆయన జబ్బ పట్టుకుని చూసి, దుప్పటి కప్పేసి, ఈ ఒంటికి కోత పడితే గాయం మానదమ్మా, తీసుకెళ్ళి తినిపించు, ఒళ్ళు వచ్చాక వసంతంలో రండి, అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మన పట్నం ఆసుపత్రిలో, వసంతంలో ఆయన్ని చూసిన అసిల్కాన్ డాక్టరమ్మ దగ్గర ఆగాను. ఆవిడ నా మీద విరుచుకుపడింది. కొవ్వు వద్దన్నాం గానీ కూడు వద్దన్నామా? ఈ గుండె జబ్బులో లావుపాటివాళ్ళ కంటే ముందు ఇలా ఎండిపోయినవాళ్ళే పోతున్నారు, నా కళ్ళతో చూస్తున్నాను, అంది. కొవ్వు తీసిన మాంసం, గుడ్డు, పెరుగు, చిక్కుళ్ళు, కొంచెం కొంచెంగా మాటిమాటికీ పెట్టమంది.

సరే, ఆయన్ని బతికించే దారి దొరికింది. వసంతం లోపల ఒళ్ళు రావాలి, అంతే. పెదనాన్న కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన మనవాళ్ళందరికీ చెప్పి, ఇక మీ ఇంట్లోనైనా మా ఇంట్లోనైనా తుంటి ఎముక వాడిదే అన్నాడు. మొదటిరోజు అది ముందు పెట్టగానే మీ అన్నయ్య ముఖం చూడాలి నువ్వు! కత్తి తీసి, నడుం నిటారుగా పెట్టి కోయడం మొదలుపెట్టారు. పళ్ళెం వంటింట్లోకి తిరిగొచ్చేసరికి ఎముక మీద పీచు మిగల్లేదు. మర్నాడూ అంతే. నేను పొయ్యి దగ్గర ఆ ఎముకలు చూసి అల్లాకు దండాలు పెట్టుకున్నాను.

తూకానికి తీసుకెళ్తే ముందుకన్నా తగ్గారు. డాక్టరమ్మ నన్ను దొంగను చూసినట్టు చూసింది.

ఆ సాయంత్రం మగవాళ్ళు కూర్చున్న గదిలోకి వెళ్ళి, గోడ పక్కన నిలబడి చూశాను. చిన్నమ్మాయ్, మన పద్ధతే కదా! ఎముక అందుకున్న పెద్దవాడు కోసి పంచాలి. పెదనాన్న అరచేతిలో ఒక ముక్క, టీ పోస్తున్న కోడలి చేతిలో ఒకటి, పిల్లలకు తలా ఒకటి, గుమ్మం దగ్గర కూర్చున్న పొరుగాయనకు ఒకటి. తన నోట్లో పడింది వేళ్ళు నాకినంత. తీసుకున్న ప్రతివాడూ తన ముక్కే చూసుకున్నాడు, ఆయన్ని ఎవరూ చూడలేదు.

అంతమంది మగాళ్ళ ముందు గొంతెత్తి ఎరగనిదాన్ని, అరిచాను. మింగండి, ఆయన్నే కోసుకు మింగండి, అన్నాను. అందరూ తలలు దించుకున్నారు. మీ అన్నయ్య మాత్రం నెమ్మదిగా, ఏమే, ఎముక పెట్టి పంచొద్దంటే ఎలా? ఒక్కణ్ణీ కూర్చుని మెక్కడానికి నేనేమన్నా కుక్కనా, అన్నారు.

అప్పటినుంచి వంటింట్లో తలుపేసి, చిన్నగిన్నెలో నేనే కలిపి పెట్టాను. సిగ్గుపడుతూ తినేవారు. నాలుగు ముద్దలకే ఆయాసం. పాదాలు వాచాయి. అంతలో చలి దిగి దగ్గు పట్టుకుంది.

ఇప్పుడు ఒంట్లో బాగా నలతగా ఉంది. చెల్లిని చూడాలని ఉందన్నారు. కంగారుపడాల్సిందేమీ లేదు. పిల్లల్ని మీ అత్తగారికి అప్పగించి, ఈ బండిలోనే బయల్దేరి రా.

నీ మంచి కోరే,
వదిన జూరకాన్

తాజా కలం: ఆ చివరి నాలుగు మాటలూ పెదనాన్న పక్కన కూర్చుని చెప్పి రాయించాడు. దూరాన ఉన్న ఆడపిల్లకు చావుకబురు నేరుగా చెప్పకూడదు, జబ్బని పిలిపించి, గుమ్మంలో రెండు రెక్కలూ పట్టుకుని చెప్పాలి కదా. ఆయన నమాజుకు లేచాడు, నేను ఇది రాస్తున్నాను. మీ అన్నయ్య నిన్న పొద్దున పోయారు. కొంచెం ముందే గుడ్డు ఉడకబెట్టి ఇచ్చాను. సగం తిని, మిగతా సగం నన్ను తినమన్నారు. వద్దంటే నొచ్చుకుంటారని తిన్నాను. నీకోసమే ఆగాం, రేపు మట్టి చేస్తారు. పెదనాన్న మాట దాటి ఎందుకు రాస్తున్నానంటే, నువ్వెలాంటిదానివో నాకు తెలుసు. అన్నకు బాగాలేదని తెలిస్తే అప్పటికప్పుడు పొయ్యి వెలిగించి పులుసు కాస్తావు. అది చల్లారకుండా కోటు కింద ఒళ్ళో పెట్టుకుని కనుమంతా దాటి వస్తావు. గుమ్మంలో ఆ గిన్నె నీ చేతిలోంచి ఎవరో ఒకరు తీసుకోవాలి. అది నావల్ల కాదమ్మా. ఏమీ వండకు. వట్టి చేతులతో రా.