మొదటి పేజీలు చదవని పుస్తకం

ఓల్గీన్,
సెప్టెంబరు 9, మంగళవారం.

హవానాలో పెద్ద ఉద్యోగస్థుడైన ఓస్నియెల్‌కి,

చిన్నప్పటి నుంచి పక్కింటివాడైన లెయొదాన్ రాయడమేమంటే: ఇక్కడ అమ్మమ్మ క్షేమం, నేను క్షేమం, కరెంటు మాత్రం క్షేమంగా లేదు. నువ్వు క్షేమంగా ఉన్నావని వీధి వీధంతా చెబుతోంది కాబట్టి అడగడం లేదు.

ఫోన్ ఉండగా ఈ కాగితాలేంటి అంటావేమో. నీ నంబరు బ్లాక్ చేశాను. తియ్యను. నెరెయిదా పిన్ని ఈ మధ్యాహ్నం హవానా బస్సెక్కుతోంది, ఆవిడ సంచిలో కాఫీపొడి పక్కన ఈ ఉత్తరం వస్తుంది.

పిన్ని చేత కబురు పంపావు. మీ కంపెనీలో ఇంకొక చోటుందట, అక్టోబరులో పరీక్షట, ఏ పుస్తకం కావాలో చెబితే పంపుతావట. ఎంత దయరా నీకు! ఏ పుస్తకమో మనం ఎప్పుడో అనుకున్నాం కదా, మార్బెలిస్ అక్క గుమ్మం మెట్ల మీద కూర్చుని. మరిచిపోయావా, మరిచిపోయినట్టు నటిస్తున్నావా?

హవానా నుంచి వారం వారం డిస్కులో వస్తే అక్క అందరికీ కాపీ చేసి అమ్మే ఫైళ్ల మూటలో, సినిమాలూ సీరియళ్ల మధ్య, ఫోన్ ఆప్‌లు రాసే ఆ కొత్త ప్లాట్‌ఫామ్ మీద పుస్తకాలు దొరికాయి. నేను లావు పుస్తకం అన్నాను. ఇంటర్నెట్ సరిగా లేని ఊళ్లో అనుమానమొస్తే పుస్తకాన్ని తప్ప ఎవర్ని అడుగుతాం అన్నాను. నువ్వు నవ్వి, చదవడానికా, తలకింద పెట్టుకోడానికా అన్నావు. లావు కాదురా, వెర్షన్ చూడు, రెండో వెర్షన్‌లో సగానికి సగం మార్చి పారేశారు, చేప బొమ్మున్న పుస్తకం కొత్త ముద్రణ తీసుకుందాం, ఇద్దరం ఒకటే చదువుదాం అన్నావు. ఒప్పుకున్నాను. రిపేరు షాపులో బెంచీ మీద ఫోన్లు విప్పి పడేసి వచ్చానని, అక్క దగ్గర కాపీ చేయించమని నా పెన్‌డ్రైవ్ నీ చేతిలో పెట్టి పరిగెత్తాను.

సాయంత్రం తెచ్చిచ్చావు. అదే పేరు, అదే చేప. వెర్షన్ సంగతి మొదటి పేజీల్లో ఉంటుంది. మొదటి పేజీలు ఎవడు చదువుతాడు? నేరుగా పాఠంలోకి దూకాను. దాంతో పాటు వచ్చిన సాఫ్ట్‌వేరే షాపు కంప్యూటర్లో ఎక్కించాను. గిరాకీ లేనప్పుడల్లా చదివాను, రాశాను, అన్నీ నడిచాయి.

ఇప్పుడు నీదైన ఆ కంపెనీ మన ఊరొచ్చి పెట్టిన పరీక్ష నాడు నీ తెర పచ్చగా, నాది ఎర్రగా. నేను నేర్చుకున్న ప్రతి ఆదేశానికీ ఆ కంప్యూటరు, ఇది ఇప్పుడు లేదు పొమ్మంది. పరీక్ష పెట్టినావిడ వెనక నుంచి వంగి చూసి, అయ్యో, పాత వెర్షన్ నేర్చుకున్నావా బాబూ అంది. నువ్వు బయటికొచ్చి నా భుజం తట్టి, పర్లేదురా, మళ్లీ వస్తార్లే అన్నావు. ఆ చెయ్యి విరిచేద్దామనిపించింది. కొత్తది నువ్వుంచుకుని పాతది నాకు అంటగట్టావు. దొంగవి.

ఇప్పుడు చూడు. బ్రెడ్డు క్యూలో చివరెవరున్నారో చెప్పే నీ ఆప్ మా అమ్మమ్మ ఫోన్లోనూ ఉంది. ఆ ఫోన్ బాగుచేసింది నేను, అందులో మోగేది నువ్వు! మంగలి రెయ్‌నెరియో నా గడ్డం గీస్తూ, ఏరా, మీ ఇద్దరిలో బుర్రున్నవాడు హవానా పోయాడు, చేతులున్నవాడు మాకు మిగిలాడు అంటాడు. గొంతు మీద కత్తి ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఆప్ లేని ముసలాళ్లు ఇప్పటికీ క్యూలోకి వస్తూనే చివరెవరు అని కేకేసి, పలికినవాడి వెనక నిలబడతారు కదా, నేనేనని పలకడానికి నాకు నోరు రావడం లేదు.

అసూయ అంటావా? అసూయే. దానికి వేరే పేరు పెట్టను. నీ కుర్చీ మీద కాదు, జీతం మీద కాదు. నీ తెర మీద ఆ రోజు పచ్చగా వెలిగిన వరస ఉంది చూడు, దాని మీద.

పుస్తకం పంపొద్దు. పరీక్షకి రాను.

ఇట్లు,
ఒకప్పుడు నీవాడు,
లెయొదాన్.

తా.క.: బస్సు సాయంత్రానికి గానీ కదలదట. ఈలోగా మార్బెలిస్ అక్క పగిలిన ఫోన్ పట్టుకుని షాపుకొచ్చింది. నీ మీద సాక్ష్యం దొరుకుతుందని, ఆ రోజు వాడు నా పెన్‌డ్రైవ్‌లో ఏం వెయ్యమన్నాడక్కా అని అడిగాను. తడుముకోకుండా చెప్పింది. రెండింట్లోనూ కొత్తదే వెయ్యమన్నాడు నాయనా, కానీ అది వీడియోలతో కలిపి బండంత ఉంది, నీదాంట్లో మీ అమ్మమ్మ సీరియల్ ఆఖరి భాగాలకి చోటు చాల్లేదు, అందుకని అదే చేప బొమ్మున్న చిన్నది పెట్టాను అంది. పుస్తకం పాతదైతే పాచిపోతుందా, ఆఖరి భాగం లేకపోతే మీ అమ్మమ్మ నా పీక నొక్కేది కాదూ అంది. మరి వాడికి చెప్పావా అంటే, చెప్పడానికి ఇందులో ఏముంది అంది.

ఇంటికెళ్లి అమ్మమ్మని అడిగాను. ఆఖరి భాగం చాలా బాగుందట. పెళ్లయిపోయిందట.

ఉత్తరం చింపడం లేదు. దొంగ అన్న మాట ఒక్కటి కొట్టేశాను, కాగితం వెలుతురుకి పెడితే ఇంకా కనబడుతోంది. అసూయ కొట్టెయ్యలేదు, అది నిజం కాబట్టి. నంబరు మీద బ్లాక్ తీసేశాను. పిన్ని తిరిగొచ్చేటప్పుడు కొత్త పుస్తకం, దాని సాఫ్ట్‌వేర్ పంపు. అమ్మమ్మ కంటపడని పెన్‌డ్రైవ్‌లో పంపు. ఈసారి మొదటి పేజీ నుంచి చదువుతాను.

ఒరేయ్, ఆ కంపెనీ క్యూలో చివరెవరు? నువ్వేనా? అయితే నీ వెనక నేను.