ఒడ్డున వెలిగి ఏట్లో ఆరే లైట్లు

ఫిబ్రవరి 3, మంగళవారం

తమ్ముడు బతికాడు. ముందు ఆ మాట రాసుకోవాలి. ఇప్పుడు మిగతాది.

నిన్న పొద్దుగూకాక గద్వాల వైపు ఒడ్డు నుంచి మిరపకాయ కూలీలను ఎక్కించుకుని వస్తున్నాం. చలిగాలికి పరదాలు దించుకుని ఆడవాళ్ళంతా లోపల కునికిపాట్లు. ఈయన స్టీరింగు దగ్గర, నేను ముందు పలక మీద. నడి ఏట్లో ముందరి మూడు లైట్లూ— పెద్దది, ఎడమ ఎర్రది, కుడి పచ్చది— గుడ్డివై, ఆరిపోయాయి. "ఆగు ఆగు" అని అరిచాను. అప్పటికే కింద దేనికో రాసుకున్న చప్పుడు.

తమ్ముడు నర్సింహ పుట్టి, చేపలకు పోయే గుండ్రటి వెదురు తెప్ప. వాడు మాకు వీపు పెట్టి, వల మీద వంగి ఉన్నాడట. పుట్టి బోర్లా పడింది. నీళ్ళలో చీకటి తప్ప ఏమీ లేదు... పడవ పక్కన రెండు చేతులు కనపడేదాకా నా ప్రాణం నాది కాదు. లాగాం. ఒంటి మీద గీత కూడా లేదు. పుట్టి మాత్రం ముక్కలు.

ఒడ్డుకు వచ్చాక తువ్వాలతో తల తుడుచుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ బావ వైపు చూడలేదు. నా వైపు కూడా.

ఫిబ్రవరి 4

పొద్దున రేవులో ఈయన స్విచ్చు ఒక్కొక్కటే వేసి చూశాడు. అన్నీ వెలిగాయి! రేవంతా చూస్తుండగా పెళ్ళిపందిరిలా వెలిగాయి. మొన్న రాత్రి చచ్చిన ముండలు ఇవాళ ఎండలో ఎందుకు వెలగాలి?

పైకి ఎవరూ ఏమీ అనలేదు. వెనక అన్నారు. తాగి నడిపాడని ఒకరు. కళ్ళు పోతున్నాయని ఇంకొకరు. ఈయన మందు మానేసి ఎన్నేళ్ళో ఆ నోళ్ళకూ తెలుసు. ఆ మాట పట్టించుకోలేదు. కళ్ళ మాట దగ్గరే ఆగిపోయాడు. అన్నం ముందు కూర్చుని చెయ్యి దూరం పెట్టి చూసుకుంటాడు, దగ్గర పెట్టి చూసుకుంటాడు.

నేనూ చూశాను కదా, ఆరిపోయాయి అంటే— "నా కోసం గట్లంటున్నవ్" అన్నాడు.

ఇంక పొద్దుగూకాక పడవ తీయడట.

ఫిబ్రవరి 5

కూలీల మేస్త్రి సువార్తమ్మ ఇంటికే వచ్చింది. సాయంత్రం పడవ లేకపోతే పొద్దు ఉండగానే చేను వదిలి రావాలి. సగం పూట పనికి ఆ రైతు రానివ్వడు. ప్రాజెక్టు ఆనకట్ట మీదుగా ట్రాలీలో తిరిగి రావాలంటే చంటిపిల్లల తల్లులు ఎప్పుడు ఇల్లు చేరతారు? ఇదంతా నాతోనే చెప్పింది. ఈయనతో మాత్రం గట్టిగా ఏమీ అనలేదు, ప్రార్థన చేస్తానంది. తిట్టినా బాగుండేది.

ఆత్మకూరు నుంచి ఖాజా భాయి వచ్చాడు. ట్రాక్టర్ల కరెంటు పని ఆయనది. ఈ పాత ఇనుప పడవను సోమశిల వైపు నుంచి కొని తెచ్చినప్పుడు వైర్లు వేసిందీ ఆయనే— అచ్చం ట్రాక్టరుకు వేసినట్టు. లైటుకు పోయేది ఒక్క వైరే. తిరిగి వచ్చే కరెంటు పడవ ఇనుములో నుంచే బ్యాటరీకి చేరుతుంది.

బల్బులు మార్చాడు. ఫ్యూజు మార్చాడు. బ్యాటరీ తలలు గీకి గ్రీజు పూశాడు. "అంతా సెట్ అక్కా, పరేషాన్ గావొద్దు" అని ఛాయ్ తాగి పోయాడు.

నేను ఊరుకోలేదు. పడవను గుంజకు కట్టేయించి, ఇంజను స్టార్టు చేయించి, మూడు స్విచ్చులూ ఒకేసారి వేశాను. ఇంజను దడదడ మొదలవగానే— గుడ్డి దీపాలు! మళ్ళీ అవే గుడ్డి దీపాలు!

లైట్లు ఆరిపోతే ఇంత సంతోషపడ్డ ఆడది ఈ ఏటి ఒడ్డున ఇంకొకతి ఉండదు. కేక పెట్టి పిలిచాను. ఈయన వచ్చి చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

శుక్రవారం పడవకు అత్త పూజ. పడవ వచ్చిన నాటి నుంచి ఒక్క వారం తప్పలేదు. ముందు ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గంగమ్మను తలుచుకుని ఆ ఇనుము మీదే కాయ కొడుతుంది. ఇవాళ దిష్టి తగిలిందని రెండు కొట్టింది.

సాయంత్రం చూస్తే లైట్లు నిన్నటికన్నా అధ్వానం. ఒక్కటి వేసినా మసకే.

నర్సింహ ఇంటికి పోయాను. కొత్త పుట్టికి బద్దలు చీరుతున్నాడు. లైట్లవే దోషం రా, మీ బావది కాదు అని చెప్పాను. "ఒడ్డున మంచిగనే వెలిగినయంట గదా" అన్నాడు. అంతే. మరదలు మంచినీళ్ళు ఇచ్చింది. తాగి వచ్చేశాను. వాడికీ ఊరి మాటలే ఎక్కాయి. దారంతా ఏడుస్తూ వచ్చాను, వాడి మీద కోపం, ఈయన మీద కోపం, పడవ మీద మరీ కోపం.

ఫిబ్రవరి 8

ఖాజా భాయికి ఫోను. సంగతంతా చెప్పాను— ఇంజను ఆపితే కాస్త వెలుగు, పెడితే లేదు, మూడూ వేస్తే అసలే లేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. తర్వాత, బ్యాటరీ మైనస్ నుంచి ఒక పొడుగు వైరు లాగి తిన్నగా లైటు ఒంటికి తాకించమన్నాడు.

ఈయన పట్టుకున్నాడు, నేను తాకించాను. ఫెళ్ళున వెలుగు! ఇంజను పెట్టినా వెలుగే. వైరు తీస్తే మసక, పెడితే పట్టపగలు. నాలుగుసార్లు ఉత్తపుణ్యానికే తీసి పెట్టాను.

కరెంటు పోతోంది. తిరిగి వచ్చే దారి లేదు. లైట్లు ఉన్నది చెక్క మీద గనుక వాటి తిరుగు వైరును ఎక్కడో ఒక బోల్టుతో ఇనుముకు బిగించాడట. ఎక్కడో ఆయనకే గుర్తు లేదు. పాత పని కదా.

ఫిబ్రవరి 9, సోమవారం

దొరికింది.

వైరు పట్టుకుని పోతే ముక్కు దగ్గర పసుపులోకి దూరింది. పసుపు అంటే పసుపు కాదు, ఏళ్ళ నాటి పెచ్చు. కత్తితో గీకితే కింద కుంకుమ, దాని కింద మళ్ళీ పసుపు, అడుగున బోల్టు. చుట్టూ పచ్చగా చిలుము. వేలితో తిప్పితే తిరిగింది. ఆ బోల్టు నెత్తి మీదే వారం వారం కొబ్బరినీళ్ళు! వైరు రాగిని ఆ నీళ్ళు తినేసి, ఇనుము తుప్పు పట్టి, ఇంజను అదిరినప్పుడల్లా ఊడి ఊడి తగులుతోంది.

నాకు కడుపులో పాలు పోసినట్టయింది. ఈయన అక్కడే పలక మీద చతికిలబడ్డాడు. నవ్వాడో ఏడ్చాడో చూడలేదు, చూడనట్టు ఉన్నాను.

వెనక్కి తిరిగితే అత్త. మేము పసుపు గీకుతుంటే మొదటి నుంచీ నిలబడి చూసింది.

"గంగమ్మకు కొట్టిన కాయ పడవకు కీడు చేస్తదా?"

ఈయన మెల్లగా చెప్పాడు, అమ్మా నీళ్ళే, ఉత్త నీళ్ళే, ఎవరి తప్పూ లేదు అని. వింటూనే వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 10

అత్త నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. పొయ్యి దగ్గర కూర్చుని ఒకటే మాట. "నా కాయనే గదనే ఆ పిల్లగాన్ని ముంచింది." నాకు ఆమె మీద ఉన్న పాత కోపాలన్నీ ఎటు పోయాయో. పక్కన కూర్చుని, ముంచిందీ నీ కాయే, తేల్చిందీ నీ కాయే అన్నాను. మనసులో నమ్మకుండానే అన్నాను. కొంచెం నమ్మింది.

ఇక పూజ ఒడ్డున రాయి మీద చేసుకోవచ్చు కదా అని ఈయన అడిగాడు. అత్త తల ఎత్తింది. అప్పుడు అసలు అత్త కనపడింది.

"బోల్టు జరుపుండ్రి. కాయ జరగదు."

ఇంత సూటి మాట మాకెవరికీ తోచలేదు. ఖాజా భాయికి ఫోనులో చెప్తే పడీ పడీ నవ్వాడు. రేపు కొత్త వైరు తెస్తాడట.

ఫిబ్రవరి 11

ముక్కు దగ్గరి బోల్టు పీకేశాం. మూడు లైట్ల తిరుగు వైర్లూ కలిపి, ఒక మందపాటి వైరు పైపులో వేసి తిన్నగా బ్యాటరీ దాకా. మధ్యలో ఇనుముతో పనే లేదు. అతుకుల మీద గ్రీజు. ఇంజను పెట్టి చాలాసేపు అదిరించాం. లైట్లు రెప్ప కొట్టలేదు.

ఖాజా భాయి ఆ తుప్పు బోల్టును రేవులో అందరికీ చూపించాడు, నేను అడగకుండానే. కళ్ళ మాట అన్నవాళ్ళే ముందు వచ్చి చేత్తో పట్టుకుని చూశారు. సిగ్గు లేదు.

అయినా ఈయన సాయంత్రం పడవ తీయలేదు. లైటు బాగైంది గదా అంటే, "స్టీరింగు పట్టుకుంటే వాని చేతులే కండ్ల ముందట" అన్నాడు. ఇంకేం అడగను?

ఫిబ్రవరి 13, శుక్రవారం

అత్త కాయ కొట్టింది. అక్కడే. లైట్లు భేష్.

ఫిబ్రవరి 14

పొద్దుగూకే ముందు సువార్తమ్మ ఈయనకు ఫోను చేసింది. ఇవాళ మిరప తెంపుడు ఆలస్యం, ట్రాలీ రాలేదు, ఆడవాళ్ళంతా అవతలి ఒడ్డున. ఈయన ఫోను పెట్టేసి చొక్కా వేసుకున్నాడు. నన్ను ఎక్కనివ్వలేదు. "నువ్వు ఒడ్డుకెల్లి చూడు, కనవడుతుందో లేదో." పోయాడు.

చీకటి పడింది. ఒడ్డున నేనూ అత్తా. అవతల నుంచి ముందు పెద్ద లైటు, తర్వాత ఎర్ర చుక్క, పచ్చ చుక్క. కనపడుతున్నాయి, కనపడుతున్నాయి అని నాకు నేనే అనుకుంటున్నాను. నడి ఏట్లోకి వచ్చాక ఇంజను చప్పుడు తగ్గింది. ఆగిపోయింది. నా గుండె కూడా.

లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆ వెలుగులో ఒక పుట్టి. కొత్తది. తమ్ముడు నిలబడి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఈయన ముందే చూసి ఆపాడు. నీళ్ళ మీద మాట ఒడ్డుదాకా వచ్చింది—

"బావా, జర ఆ లైటు కిందికి దించు. కండ్లల్ల కొడ్తుంది."

ఆ రాత్రి తర్వాత వాడు బావతో మాట్లాడిన మొదటి మాట. అత్త నా చెయ్యి పట్టుకుంది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ఆడవాళ్ళంతా దిగి ఇళ్ళకు పోయారు. తమ్ముడు ఒడ్డుకు రాలేదు, వలలు ఉన్నాయని అటే పోయాడు. వాడి అన్నం మూత పెట్టి ఉంచాను. రేపు నట్టు వదులు చేసి పెద్ద లైటు కిందికి తిప్పాలి. ఎంత కిందికో ఈయనకు తెలియదట— వాడు వచ్చి పుట్టిలో నిలబడి చెప్పాలంటాడు. వెళ్ళి పిలవవయ్యా అంటే ఈయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.