మొదటి కోత ఎవరికి?

విశాఖపట్నం, నవంబరు 4

ప్రియమైన ఎలీసమ్మ టీచరు గారికి,

వందనాలండీ. ఆరోగ్యం కోసం నేను తయారుచేసిన ఆన్‌లైన్ ‘పెరటి బడి’లో మూడు వందల మంది చేరారు. అందరిలోకీ మీ తోటకూరే ఏపుగా ఉంది. ఈరోజే నాలుగో పాఠం పెట్టాను. చర్చిలో పంట ప్రథమ ఫలాలు దేవుడికి ఇచ్చినట్టే, మొదటి కోత ఒంట్లో బాగోలేని వాళ్ళకి వండిపెట్టాలి. ఆ సంగతి నాకు ఉత్తరం రాయాలి. ఈ ఆలోచన మీ సండే స్కూలు చలవే!

మీ శిష్యురాలు,
మమత

కొత్తపేట, నవంబరు 11

ప్రియమైన మమతా,

మొదటి కోత మా తమ్ముడికే, దానం వాడి పేరు. వాడికి కిడ్నీలు పాడయ్యాయనీ, వారానికి మూడుసార్లు డయాలసిస్ అనీ నీకు చెప్పనేలేదు కదూ. మొదట వద్దన్నాడు గానీ నేను ఊరుకుంటానా? వారం నుంచి రెండు పూటలా తోటకూరే, పైన కొబ్బరిబొండం నీళ్ళు. నిన్నటి నుంచి కాళ్ళు తేలిపోతున్నాయంటున్నాడు. నీరసం కాబోలు. రేపు ఇంకో రెండు కట్టలు వండుతాను.

ప్రేమతో,
ఎలీసమ్మ

బస్సులోంచి మెసేజ్, నవంబరు 12

టీచరు గారూ,

వండకండి! నిన్న మీరు ఫోన్లో పంపిన ఉత్తరం ఫొటో ఇప్పుడే చూశాను. ఆ కూరా, ఆ కొబ్బరినీళ్ళూ ఇప్పుడే ఆపండి. రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, గుండె ఆగిపోవచ్చు. ఇది నాకు తెలుసు. తెలిసుండీ, ఆకుకూర ఎవరికైనా మంచిదేనన్న ఊపులో పాఠం రాసేశాను. మీ ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తోంది. పాఠం తీసేశాను, మిగతా అందరికీ మా బడి ఆఫీసు వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. తుని దాటాను. దానం గారిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. దేవుడా, ఒక్కసారి ఫోన్ తియ్యండి.

మమత

కొత్తపేట, నవంబరు 20

ప్రియమైన మమతా,

దానం నిన్న ఇంటికొచ్చాడు. ఆ రోజు నువ్వొచ్చి వెంటనే ఆస్పత్రిలో చేర్పించబట్టి గండం గడిచింది. ఆస్పత్రి వరండాలో నా కాళ్ళు పట్టుకుని “నేనే చంపబోయేనండీ” అని నువ్వు ఏడుస్తుంటే నేను నోరు విప్పలేదు. ఎదుటపడి చెప్పే ధైర్యం లేక ఇప్పుడు రాస్తున్నాను.

ఆకుకూరలు వద్దని డాక్టరు ముందే కాగితం మీద రాసిచ్చారు. ఆ రోజు దానం గుర్తుచేశాడు కూడా, “అక్కా, డాక్టరు గారు వద్దన్నారే” అని. “ఆయన చెప్పేదేంట్రా, మా మమత పెట్టమంది” అని నేనే కలిపి ముద్దలు పెట్టాను. నేను చదువు చెప్పిన పిల్ల తప్పు చెప్పదని నా గర్వం. వాడు నా మాట కాదనలేక తిన్నాడు.

బడి మూసేస్తానన్నావు. మూయకు. పాఠం మళ్ళీ రాయి. ముందు జబ్బేమిటో అడగమని, డాక్టరు ఒప్పుకుంటేనే పెట్టమని రాయి. కింద నేను చేసిందంతా నా పేరుతో సహా పెట్టు.

దానం ఇప్పటికీ నేనేం కలిపి పెడితే అది తింటున్నాడు. అదే తట్టుకోలేకపోతున్నాను.

సిగ్గుతో,
ఎలీసమ్మ