ఫోన్‌లో విన్న వైద్యం

ప్రియమైన మా మొండి తమ్ముడికి,

ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. ఈ ఉత్తరాన్ని ఎలా కట్ చేస్తావో చూస్తాను. ఇన్సులిన్ మానేసి ఏదో కషాయం తాగుతున్నావని మరదలు ఏడుస్తూ చెప్పింది. షుగరంటే జలుబనుకున్నావా? పొద్దంతా స్టూడియోలో ఎవరెవరో రాసిచ్చిన ప్రకటనలూ వీడియోల మాటలూ మైకులో చదివి గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తే, నీ ఘనకార్యం ఇది! డాక్టరమ్మ మాట తలకెక్కదు, ఫోన్‌లో చెప్పిందల్లా వేదమా? వెంటనే సూది మొదలుపెట్టు.

ఒళ్ళు మండిపోతున్న
అక్క

అక్కా,

కవరు చింపగానే చెవులు హోరెత్తాయి. డాక్టరమ్మ నా ముఖమైనా చూడకుండా చీటీ రాసేస్తుంది. నా ఫోన్‌కొచ్చిన వీడియోలో ఒకావిడ ‘భయపడకండి, ఈ కషాయం తాగితే సూదితో పనే లేదు’ అని ఎంత నిదానంగా, సొంతమనిషిలా చెబుతుందో! లక్షలమంది చూశారు. అందరూ వెర్రివాళ్ళేనా? నేను బాగానే ఉన్నాను. చూపు కాస్త మసకేసి, నిన్న టైలరింగ్ షాపులో ఒకే ప్యాంటుకు రెండు కాళ్ళూ ఎడమవే కత్తిరించాను, అంతే. ఓనరు అచ్చం నీలాగే అరిచాడు.

నీ తిట్లకు అలవాటుపడ్డ
తమ్ముడు

ఒరేయ్,

‘ప్రియమైన’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. చూపు మసకేస్తే ‘అంతే’నా? లక్షలమంది చూస్తే అబద్ధం నిజమైపోతుందా? రాసిందెవరు, వాళ్ళేం చదివారు, ఎవరికి నయమైంది, ఒక్కటైనా అడిగావా? ఆ కషాయం అమ్ముకునేది కూడా వాళ్ళే అయ్యుంటారు. ఆ మహాతల్లి దొరికితే దులిపేస్తాను. సొంత తమ్ముడికైతే అలా చెబుతుందా? నాకు భయంగా ఉందిరా. సూది వేసుకో.

అక్క

ప్రియమైన అక్కకు,

నిన్న ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని నువ్వు ఆ వీడియో ఆవిడను తిడుతుంటే అసలు సంగతి ఎదురుగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. షాపులో పడిపోయినవాణ్ణి ఇన్సులినే బతికించింది. ఇక మానను.

ఆ వీడియోలో గొంతు నీదే అక్కా.

రోజూ ఎన్నో చదువుతావు, నీకు గుర్తుండదు. నేను మొదటి మాటకే పోల్చుకున్నాను. నువ్వు అరిస్తే కోపం, నిదానంగా చెబితే నిజం. చిన్నప్పటినుంచీ నాకు తెలిసిన లెక్క అదే. ఉత్తరాల్లో అరిచావు, వీడియోలో నిదానంగా చెప్పావు. దాన్నే నమ్మాను. తెలిస్తే కుంగిపోతావని దాచాను.

పక్క మంచం పెద్దాయన ఫోన్‌లో ఇప్పుడూ అదే మోగుతోంది. సూది వద్దని నర్సుతో పోట్లాడుతున్నాడు. నేనెంత చెప్పినా వినడం లేదు. త్వరగా వచ్చి నువ్వే చెప్పు. అరవకు.

తమ్ముడు