అమావాస్య మందు

ఆగస్టు 10, శనివారం. కరీంనగర్

మా పిల్లది జాలిగుండె అని అవ్వ వాడకట్టంతా చెప్పింది. ఇవాళ పక్కింటి రామవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఫిట్స్ వచ్చే పోరగాండ్ల నడుమ తిరుగుతున్నవంట గదా, మస్తు పుణ్యం బిడ్డా అంది. ఒళ్లు మండింది.

నాకు జాలి లేదు. ఆ పిల్లల్ని చూస్తే ఏడుపు రాదు. మందుతో ఆగే జబ్బు ఇన్ని ఇళ్లలో ఎందుకు ఆగటం లేదని కోపం వస్తుంది. కోపం అంటే అవ్వ ఒప్పుకోదు, కన్నతల్లి కదా. ఆడపిల్లకు కోపం ఉందని బయట తెలిస్తే సంబంధాలు రావు. జాలి అయితే వస్తాయి.

బాపు లెక్క వేరు. ఎమ్మెస్సీ చదివి ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం గ్రూప్-2 నోటిఫికేషన్ పడేదాకా టైంపాస్ అని ఆయన నమ్మకం. అన్న సాగర్‌కు నేను జనాభా లెక్కల మేడంని. అన్నం తింటుంటే, ఇంట్ల నలుగురమే ఉన్నం, రాసుకుంటవా మేడం అన్నాడు.

ఏం పని చేస్తున్నావని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. అందరికీ ముందే తెలుసు.

ఆగస్టు 13, మంగళవారం. నస్పూర్, రూం

ఇంట్లో ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటాను. పిల్లల్లో మూర్ఛ మీద స్టడీ. డాక్టర్ రాసిచ్చిన మందును ఇళ్లలో ఎలా వాడుతున్నారో ఏడాదిపాటు చూడాలి. నెలకోసారి పోవాలి. సిరప్ సీసా తూకం వేయాలి. ఫిట్స్ వచ్చాయా అని అడగాలి. ట్యాబ్‌లో కొట్టాలి. సలహా ఇవ్వకూడదు. ట్రైనింగ్‌లో ఈ చివరి మాట చాలాసార్లు చెప్పారు.

ఇవాళ గోదావరి దిక్కు ఊళ్లో, స్టడీలో కొత్తగా చేరిన ఇల్లు. తల్లి అనసూర్య. భర్త నాగరాజు మస్కట్‌లో. అత్త ఐలవ్వ. పాప హన్సిక, రెండో తరగతి. నేను వాళ్ల నాయనమ్మతో మాట్లాడుతుంటే నా ఐడీ కార్డు మీది ఫోటోకు పెన్నుతో మీసాలు గీసింది. మంచిగున్నవ్ ఆంటీ అంది.

సీసా దాదాపు నిండుగా ఉంది. రోజూ రెండు పూటలు ఇవ్వాల్సిన మందు. అడిగితే అనసూర్య అత్త మొహం చూసింది. ఐలవ్వ గోడ మీది క్యాలెండర్ చూపించింది. ప్రతి అమావాస్య చుట్టూ సున్నా. అమాసకు ముంగట రెండు దినాలు, అమాస నాడు, ఎన్క ఇంకో దినం ఇస్తమని చెప్పింది. మొదటి ఫిట్ అమావాస్య నాడు వచ్చిందట. మధ్యలో ఒకటి రెండు వచ్చినయ్ గానీ అవి దిష్టివి అంది.

రోజూ ఎందుకు ఇవ్వరు అన్నాను. అడగడం నా డ్యూటీలోదే.

నన్ను చూసి నవ్వింది. మీ బాపు ఎవుసం జేస్తడా బిడ్డా అని అడిగింది. పత్తికి పురుగు వడే యాళ్లకు మందు కొడ్తమా, దినాం కొడ్తమా? దినాం కొడితే చెట్టే మాడిపోదా? గంత సిన్న పానానికి దినాం మందు పోస్తే గర్మి కాదా?

అమావాస్య దగ్గర పడగానే నాగరాజు మస్కట్ నుంచి ఫోన్ చేసి గుర్తు చేస్తాడట. ఆ నాలుగు రోజులు పూట తప్పదట. ఇంత శ్రద్ధగా మందు తప్పు వాడే ఇల్లు నేను చూడలేదు.

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. ట్యాబ్‌లో ‘ఇర్రెగ్యులర్’ నొక్కి లేచాను.

ఆగస్టు 14

కోఆర్డినేటర్ కరుణాకర్ సార్‌కు ఫోన్ చేశాను. తిడతాడనుకున్నాను. ఎగిరి గంతేసినంత పని చేశాడు. గిది గోల్డ్, ఇంకెన్ని ఇండ్లల్ల ఇట్లనే ఉందో అడుగు అన్నాడు.

నా కింద ఉన్న మిగతా ఇళ్లకు ఫోన్లు చేసి అడిగాను. చాలా ఇళ్లలో ఇట్లనే ఉంది.

సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి, రోజూ ఇవ్వాలని వాళ్లకు చెప్పనా సార్ అన్నాను. వద్దన్నాడు. మనం చూసేటోళ్లం, చెప్పేటోళ్లం కాదమ్మా. ఇయ్యాల నువ్వు చెప్తే రేపటికెల్లి వాళ్లు మారుతరు, ఇగ మనం ఏం చూస్తం? ఏడాది ఆగు, జర్నల్‌ల మన పేపర్ రానీ. అప్పుడు ప్రతి డాక్టరూ ప్రతి తల్లికి చెప్తడు. ఒక్క ఇల్లు కావాల్నా, వెయ్యి ఇండ్లు కావాల్నా?

మాట గట్టిగానే ఉంది.

ఇఖ్రా నా రూమ్మేట్, ఇదే ప్రాజెక్టు. విని, సార్ చెప్పింది గలత్ కాదు యార్ అంది. మళ్లీ తనే, తన బిడ్డ అయితే ఏడాది ఆగుతడా అని అడగకపోయినవా అంది.

అడగలేదు.

ఆగస్టు 22, గురువారం

జూమ్ మీటింగ్. హైదరాబాద్ నుంచి స్టడీ నడిపే పెద్ద మేడం స్లయిడ్ వేసింది. చంద్రుడి బొమ్మ, కింద ‘లూనార్ డోసింగ్’ అని అమావాస్య మందుకు పెట్టిన పేరు. చాట్‌లో చప్పట్లు. చివర నా పేరు వచ్చింది. పేపర్లో కూడా ఉంటుందన్నారు.

సంతోషమైంది. దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషమైంది. ఫోటో తీసి ఇంటి గ్రూప్‌లో పెట్టాను. అవ్వ దండం బొమ్మ పంపింది. సాగర్, చంద్రయాన్‌ల జాబ్ కొట్టినవా అన్నాడు.

సెప్టెంబర్ 2

పొలాల అమావాస్య. ఎడ్ల కొమ్ములకు రంగులు. ఇవాళ హన్సికకు మందు ఉంటుంది.

సెప్టెంబర్ 10, మంగళవారం

అనసూర్య ఇంటికి నెల విజిట్. ఐలవ్వ కుడుములు పెట్టింది. తినకపోతే ఊకోదు. ఏమే సర్కారు పిల్లా, గింత బక్కగున్నవ్, నీకే పొయ్యాలె మందు అంది. సర్కారు కాదని చెప్పినా వినదు.

వచ్చేటప్పుడు అనసూర్య స్కూటీ దాకా నడిచి వచ్చింది. వెనక్కి చూసుకుని గొంతు తగ్గించి అడిగింది. మేడం, మీరు సదువుకున్నోళ్లు, మీరు జెప్పుండ్రి, అత్తమ్మ జేసేది మంచిదేనా అంది.

ఇలా అడిగితే చెప్పడానికి ట్రైనింగ్‌లో ఒక వాక్యం ఇచ్చారు. డాక్టర్ చెప్పినట్టు వాడండి. అదే చెప్పాను.

ఆమె మొహం తేట పడింది. అట్లనే వాడుతున్నం మేడం అంది. డాక్టర్ ఇచ్చిన సీసా, డాక్టర్ చెప్పిన మూత కొలత. ఆమె లెక్కలో తప్పు ఏమీ లేదు.

స్కూటీ స్టార్ట్ చేశాను.

సెప్టెంబర్ 12, గురువారం

అనసూర్య ఫోన్. బళ్లో ఫిట్ వచ్చిందట, ఆగుతలేదట. ఆటోలో మంచిర్యాలకు తెస్తున్నారు. పోతున్నాను.

సెప్టెంబర్ 13

ఆసుపత్రికి వచ్చేదాకా ఫిట్ ఆగనే లేదు. హన్సిక ఐసీయూలో ఉంది. నిన్నటి నుంచి ఐలవ్వ వచ్చినవాళ్లందరినీ ఒకటే అడుగుతోంది. అమాస పోయి పది దినాలాయె గదా, గిదెట్లొచ్చె? ఆయాను అడిగింది, వాచ్‌మన్‌ను అడిగింది. చివరికి డాక్టర్‌ను అడిగింది. ఆయన నలుగురిలో గట్టిగా అరిచాడు. దినాం ఇయ్యాల్సిన మందు నెలకు నాలుగు రోజులు ఇస్తే రాక ఏం జేస్తది, మీకెవ్వరూ చెప్పలేదా అన్నాడు.

ఐలవ్వ గోడకు ఆనుకుని అలాగే కిందికి కూర్చుంది.

అనసూర్య డాక్టర్‌ను చూడలేదు. నన్ను చూసింది. నీకెరుకేనా అంది. మేడం లేదు, మీరు లేదు.

ఎరుకే అన్నాను.

మొన్న అడిగితిని గదా అంది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. జర అవతల కూసో, నిన్ను సూడలేను అంది. మెట్ల దగ్గర కూర్చున్నాను. సాయంత్రం ఇఖ్రా వచ్చి తీసుకుపోయింది.

సెప్టెంబర్ 16, సోమవారం

హన్సిక కళ్లు తెరిచింది. కుడి చెయ్యి లేవటం లేదు. చెంచా చూపించి ఇదేంది బిడ్డా అని తల్లి అడుగుతుంటే, చెంచానే చూస్తోంది. పేరు రావటం లేదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఆగి చూద్దామన్నాడు డాక్టర్. నేను తలుపు బయట నుంచి చూశాను. లోపలికి రమ్మనలేదు.

కరుణాకర్ సార్ ఫోన్ చేశాడు. పాప ఎట్లుంది అని అడిగాడు. నిజంగానే బాధపడ్డాడు. తర్వాత, మందు సంగతి ఆ ఇంట్ల నువ్వేం చెప్పలేదు గదా అన్నాడు.

చెప్పలేదన్నాను.

గుడ్ అన్నాడు.

సెప్టెంబర్ 17

ఆ గుడ్ పొద్దంతా చెవిలో ఉంది.

అవ్వకు ఎవరో చెప్పారు. ఫోన్‌లో ఏడ్చింది. నీ గుండె తట్టుకోదు బిడ్డా, ఇంటికి రా, పండుకో అంది. పెట్టేశాను.

సెప్టెంబర్ 19, గురువారం

నిన్న, ఇవాళ స్టడీలో నా వంతు ఇళ్లకు తిరిగాను. ట్యాబ్ తీసుకుపోలేదు.

మొదట జైపూర్ దిక్కున గంగయ్య ఇల్లు. ఆయన మనవడికీ అమావాస్య మందే. రోజూ రెండు పూటలు పొయ్యాలి, అమావాస్యతో పని లేదు, మధ్యలో ఆపితే ప్రాణం మీదికి వస్తది అని చెప్పాను. ముసలాయన నా మొహం చూసి, మరి మొన్నటిదాక నోట్ల ఏం బెట్టుకున్నవ్ అన్నాడు. చెప్పొద్దన్నరు, ఇన్నా అన్నాను. నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టినంతసేపు నిలబడ్డాను. తర్వాత కోడలిని పిలిచి, గీ పిల్ల జెప్పేది ఇను, నాకు మతికుండదు అన్నాడు. ఆమె పొయ్యి పక్క గోడ మీద సుద్దతో పొద్దున, మాపున అని రాసుకుంది.

ఒక ఇంట్లో తలుపు వేశారు. ఒక ఇంట్లో చాయ్ ఇచ్చి, ఏడాది ఆగినంక చెప్తే మా పోరడు ఉండకపోవు అని మెల్లగా అన్నారు. తిట్టు కంటే అదే గుచ్చుకుంది.

రోజూ పొయ్యాలంటే, పత్తికి దినాం మందు కొడ్తమా అని ఐలవ్వ మాటే అందరూ అంటున్నారు. చెట్టు వేరు, పిల్ల వేరు అంటే వినరు. కూర్చోవాలి, సీసా చేతిలోకి తీసుకోవాలి, ఒక్కొక్కరికీ చెప్పాలి. గంట పడుతుంది. ఆ గంట మొదటి రోజే నా దగ్గర ఉండింది.

సెప్టెంబర్ 20

సార్‌కు తెలిసిపోయింది. నీ ఏరియా డేటా మొత్తం పాయె, పెద్ద మేడం మండిపడుతున్నది అన్నాడు. చివర్లో గొంతు తగ్గించి, పరేషాన్‌ల తెల్వక చేసిన అని ఒక్క మెయిల్ పెట్టు, నేను మాట్లాడుత అన్నాడు. మంచివాడే. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

బాపు కూడా పెట్టమన్నాడు. సాగర్ ఈసారి వెక్కిరించలేదు. కేస్ గీస్ అయితదేమో చూసుకో అన్నాడు.

సెప్టెంబర్ 21, శనివారం

మెయిల్ పెట్టలేదు. తెలిసే చేశాను.

ట్యాబ్, ఐడీ కార్డు ఇఖ్రాకు ఇచ్చాను. భైంసా దిక్కు కూడా ఇదే స్టడీ. ఆ ఇళ్లు నావి కావు, అక్కడా రోజూ ఇవ్వాలని ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి రేపు పోతున్నాను.